కారు మీద కాయ రాల్చిన నేరం

చెన్నైలో మా టి.నగర్ వీధిలో ఒక ముసలి నిద్రగన్నేరు చెట్టు మీద కేసు నడుస్తోంది. కింద ఆపిన కొత్త కారు మీద కాయలు రాల్చడం, జిగురు పూయడం, కాకులకు ఆశ్రయం ఇవ్వడం, ఇవీ అభియోగాలు. ఫిర్యాదుదారు రెండో అంతస్తు పెద్దమనిషి. ఆయనకు లోపల సొంత పార్కింగ్ ఉంది. "అక్కడ ఎండండీ, సీట్లు కాలిపోతాయి" అంటారు. అందుకని రోజూ చెట్టు నీడలోనే కారు పెడతారు, రోజూ చెట్టునే తిడతారు.

ఆదివారం విచారణ కూడా ఆ చెట్టు కిందే జరిగింది, మేడ మీద కూర్చోలేమని. నీడ జరిగినప్పుడల్లా అందరూ కుర్చీలు జరుపుకుంటున్నారు. సెక్రటరీ గారు ఎజెండా చదువుతుంటే ఒక కాయ సరిగ్గా కాగితం మీద పడింది. "చూశారా, సాక్ష్యం!" అన్నారు పెద్దమనిషి.

ఇది హెరిటేజ్ అని లేచాను. "ఎవరైనా రాజుగారు నాటారా?" అన్నారు. నిజమే. 1920లలో మాంబళం చెరువు పూడ్చి ఈ పేట కట్టినప్పుడు పేటకి త్యాగరాయ చెట్టిగారి పేరు, పార్కుకి పానగల్ రాజావారి పేరు పెట్టారు. చెట్టుకి ఎవరి పేరూ పెట్టలేదు. పైగా దీని జాతిది దక్షిణ అమెరికా. "ఫారిన్‌దా!" అని మూడో అంతస్తు బామ్మగారు మాత్రం కాస్త గౌరవంగా చూశారు. అరవంలో దీన్ని తూంగుమూంజి అంటారని వాచ్‌మన్ చెప్పాడు, అంటే నిద్రమొహం. పొద్దుగూకగానే ఆకులు ముడుచుకుంటుందట. డ్యూటీలో నిద్ర అని ఇంకో అభియోగం చేరింది.

"తుఫానుకి మీద పడితే?" అని ఎవరో అడిగారు. 2016 డిసెంబరు 12న వర్దా తుఫాను ఊళ్లో వేల చెట్లను కూల్చిందిగా! కూల్చింది. మరి వేళ్లు నరికిందెవరు? నిరుడు కేబుల్ గోతి అంచున ఈ చెట్టు వేరు, నా తొడంత లావుది, తెల్లగా తెగి కనబడింది. మీలో ఒక్కరూ అడగలేదు. మొదలు చుట్టూ జానెడు మట్టి మిగల్చకుండా టైల్స్ పరిపించింది మీరే. 1989 గాలివానకి అడయారు మర్రి తల్లిమాను పడిపోయినా ఊడలుండబట్టి చెట్టు నిలిచింది. దీనికి ఊడలు లేవు, ఉన్న వేళ్లు కోసేశాం. కాలు నరికేసి, నిలబడలేవేం అని అడగడానికి సిగ్గుండాలి!

తీర్మానం చదివారు. చెట్టు కొట్టడానికి అర్జీ పెట్టాలి, బదులుగా పది మొక్కలు, కుండీల్లో. చెట్టు పోతే ఎండ తగులుతుంది కనక అక్కడ కారుకి రేకుల షెడ్డు. పర్యావరణం కోసం షెడ్డుకి పచ్చరంగు.


మీటింగ్ అయ్యాక పెద్దమనిషి కారుని మళ్లీ నీడలోకి జరిపారు.