గడ్డపారతో పరిగెత్తేవాళ్లకు ఎవరు చెప్పాలి?

రైలు పట్టాలు తప్పిందంటే అందరికంటే ముందు చేరేది పక్క ఊరివాళ్లే. ఎవరూ పిలవక్కర్లేదు. గడ్డపార, నిచ్చెన, నీళ్ల బిందె, ఏది దొరికితే అది పట్టుకుని పరిగెత్తుతారు. 2012 జూలై 30న నెల్లూరులో కాలిపోయిన తమిళనాడు ఎక్స్‌ప్రెస్ బోగీని మన జిల్లా మర్చిపోలేదు. 2023లో ఒడిశాలోని బాలాసోర్‌ రైలు ప్రమాదంలోనూ మొదట బోగీల్లో దూరింది ఊరి జనమే. ఆ ప్రమాదంలో కరెంటు తీగలు తగిలి కూడా ప్రయాణికులు చనిపోయారని రైల్వే పోలీసులు ఎఫ్‌ఐఆర్‌లోనే రాశారు.

మన ఇంట్లో కరెంటు 230 వోల్టులు. పట్టాలకు పైన వేలాడే తీగలో 25 వేలు. ఒరిగిన బోగీ మీదికి ఇనుప నిచ్చెనతో ఎక్కేవాడు ఆ తీగను తాకనక్కర్లేదు, బాగా దగ్గరికి వెళ్లినా చాలు. తీగ తెగి నేలమీద పడితే చుట్టూ మట్టి కూడా షాక్ కొడుతుంది. పాదాలు కలిపి, చిన్నగా ఈడ్చుకుంటూ వెనక్కి రావాలి. తీగ దగ్గర నిప్పురవ్వలు ఆగాయంటే కరెంటు పోయినట్టు కాదు, ట్రిప్పయిన లైను మళ్లీ ఆన్ కావచ్చు. సప్లై ఆపినా పక్క లైను ప్రభావంతో తీగలో వోల్టేజి ఉంటుంది. అందుకే రైల్వే సిబ్బంది పవర్ బ్లాక్ తీసుకుని, అంటే ఆ లైనుకు కరెంటు ఆపించి, మిగిలిన కరెంటును భూమిలోకి పంపే డిశ్చార్జి రాడ్లు రెండు వైపులా తగిలించాకే ముట్టుకుంటారు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఎల్సీ (లైన్ క్లియర్, సప్లై ఆపించాకే పనిచేయడం) అంటే ఏమిటో తెలిసిన మన రైతుకు ఇది అర్థం కాని విషయమా?

జనం అసలు దగ్గరికే రాకూడదు, వాళ్లకు ఈ జాగ్రత్తలు నేర్పితే ఇంకా ముందుకు తోసుకొస్తారు అనే వాదన ఉంది. కానీ జాతీయ విపత్తు సహాయక దళం (ఎన్డీఆర్‌ఎఫ్) ఉండేది విజయవాడ దగ్గర కొండపావులూరులో. వాళ్లు కావలి చేరేదాకా బోగీలోంచి కేకలు వినిపిస్తుంటే చేతులు కట్టుకుని నిలబడే ఊరు మన దగ్గర ఒక్కటి కూడా లేదు.

అసలు జబ్బు వేరే ఉంది. ప్రాణం కాపాడే సమాచారమంతా ఇంగ్లీషు మాన్యువల్స్‌లో, ఆఫీసు బీరువాల్లో ఉండిపోతోంది. కృష్ణపట్నం పోర్టులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారంటే మత్స్యకారుల పిల్లలకు కూడా తెలుస్తుంది, ఎందుకంటే దాన్ని తెలుగులో పదేపదే చెప్పారు. పట్టాల పక్క ఊళ్లకు అలా ఎవరు చెప్పారు? విజయవాడ-గూడూరు మధ్య మూడో లైను చేపట్టారు, నడికుడి-శ్రీకాళహస్తి లైను కనిగిరి, పామూరు మీదుగా వస్తోంది. కొత్త పట్టాలతో పాటు ప్రతి పంచాయతీలో ఒక్క పూట శిక్షణ పెట్టడానికి ఎంత ఖర్చవుతుంది?

తీగను మోసే ప్రతి స్తంభానికీ ఒక చిన్న పలక ఉంటుంది. దాని మీద కిలోమీటరు, స్తంభం నంబరు. రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేసి ఆ అంకెలు చదివితే ఎక్కడ కరెంటు ఆపాలో వెతుక్కోనక్కర్లేదు. మొన్న ఉలవపాడు దగ్గర పట్టాల పక్క మామిడితోటలో కుర్రాళ్లకు దూరం నుంచే ఆ పలక చూపించి ఇదేంటో తెలుసా అని అడిగాను.

"అది రైల్వేవాళ్ల లెక్క కద సార్" అన్నారు.

విషయం చెప్పాక ఒకబ్బాయి గట్టు మీద నిలబడి, ఫోన్‌లో జూమ్ చేసి ఆ నంబరు ఫొటో తీసుకున్నాడు.