మామిడిపండు మీద వెలుతురు పడితే విషమైపోదు

మామిడి సీజన్ వచ్చిందంటే చాలు, మా కె.ఆర్.పురం అపార్ట్‌మెంట్ తెలుగు గ్రూపులో ఒక ఫార్వర్డ్ మళ్లీ తిరుగుతుంది. పెద్ద షాపుల పండ్లను కోయకుండానే తీపిని బట్టి వేరుచేయడానికి ఇన్‌ఫ్రారెడ్ మెషిన్‌లో రేడియేషన్ కొడతారట, లోపల గుజ్జు ఉడికి విటమిన్లు పోతాయట, అసలు కోయకుండా తీపి చెప్పడమే అబద్ధమట, రంగు చూసి తీపి పండని స్టిక్కర్ అంటిస్తారట. నిన్న శ్రీనివాసపురం నుంచి మా పెద్దమ్మ కూడా అదే పంపి, పిల్లలకు ఆ పండ్లు పెట్టొద్దని ఫోన్ చేసింది. ఆమె భయపడింది కాబట్టే ఇది రాస్తున్నాను.

ముందు రేడియేషన్ సంగతి. ఎండ కూడా రేడియేషనే. 1800లో విలియం హెర్షెల్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఎండను పట్టకం గుండా పంపి, ఎరుపు దాటాక కంటికి ఏమీ కనబడని చోట థర్మామీటర్ పెడితే అక్కడ వేడి ఇంకా ఎక్కువ చూపించింది. ఇన్‌ఫ్రారెడ్ అంటే అదే. కాయ చెట్టుకున్నన్నాళ్లూ రోజూ ఆ ఎండలోనే ఉంటుంది. ఈ మెషిన్లలో ఎక్కువగా ఉండేది హాలోజెన్ బల్బు, దాని కాంతికి అణువులోంచి ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టేంత శక్తి లేదు. గామా కిరణాల సంగతి వేరు. 2007 నుంచి అమెరికాకు పంపే మన మామిడికి పురుగుల భయం లేకుండా 400 గ్రే (రేడియేషన్ మోతాదును కొలిచే యూనిట్) గామా మోతాదు ఇస్తున్నారు, దానివల్ల కూడా పండు రేడియోధార్మికం కాదు. ఫార్వర్డ్ రాసినవాళ్లు ఈ రెండింటినీ కలిపేశారు.

గుజ్జు ఉడకడం అసలు కుదరదు. పండు బల్బు కింద ఉండేది సెకను కూడా కాదు.

కోయకుండా తీపి తెలియదన్న మాట దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే చాలామందికి నిజంగానే ఉన్న అనుమానం ఇది. కాంతి తొక్క దాటి గుజ్జులో కొన్ని మిల్లీమీటర్లు చెదిరి, కొంత మళ్లీ బయటికొస్తుంది. లోపల నీళ్లు, చక్కెర ఒక్కోటీ తనకు సరిపడే తరంగాలనే పీల్చుకుంటాయి, ఉదాహరణకు నీరు 970 నానోమీటర్ల దగ్గర. బయటికొచ్చిన కాంతిలో ఏది ఎంత తగ్గిందో మెషిన్ చూస్తుంది. దానికి ముందు బోలెడన్ని పండ్లను ఇలా చూసి, అదే చోట కోసి, రసం రిఫ్రాక్టోమీటర్ అనే తీపి కొలిచే పరికరంలో వేసి బ్రిక్స్, అంటే రసంలో తీపి ఎంతో చెప్పే అంకె, కొలిచి, కాంతి కొలతకూ దీనికీ లెక్క కుదర్చాలి. అంటే కోసేది నేర్పేటప్పుడు, ఆ తర్వాత అప్పుడప్పుడూ సరిచూసుకోవడానికి, అంతే. బంగినపల్లి మీద నేర్పిన లెక్కను తోతాపురి మీద వాడితే తప్పు చెబుతుంది, ఇది మాత్రం నిజం. జపాన్‌లో 1989 నుంచే పీచ్ పండ్లను ఇలా వేరుచేస్తున్నారు.

రంగు చూసి చెబుతారన్నది మామూలు కెమెరా మాత్రమే ఉన్న మెషిన్ల విషయంలో ఒప్పుకుంటాను. లేత కాయను కార్బైడ్‌తో మాగబెడితే పైకి పసుపుపచ్చగా నిగనిగలాడుతుంది, కెమెరా మోసపోతుంది. ఇన్‌ఫ్రారెడ్‌కు ఆ పసుపుతో పనిలేదు, కాయలో నీళ్లు పోను మిగిలే పదార్థం ఎంతో అంచనా వేస్తుంది. ముదిరిన కాయలో ఆ పదార్థం ఎక్కువ, అందులో పిండి మాగేటప్పుడు చక్కెరగా మారుతుంది, లేత కాయలో మారడానికి అంత పిండే ఉండదు. అయితే కార్బైడ్ ఆనవాళ్లను ఈ వెలుతురు పట్టుకోలేదు, టెంక దగ్గరి చెడును కూడా చాలాసార్లు పట్టదు. అది పట్టుకుంటుందని ఎవరైనా అమ్మితే నమ్మకండి.

పోయిన ఏడాది మా పెదనాన్న లోడు తీసుకెళ్తే, మండీలో వ్యాపారి క్రేట్లలోంచి ఎనిమిది కాయలు కోసి, ఒక్కటి పుల్లగా ఉందని లోడు మొత్తానికీ ధర తగ్గించాడు. ఆయన ఏమీ అనలేక తిరిగొచ్చాడు. చేత్తో పట్టుకుని కాయ కోయకుండానే చూసే మీటర్లు ఇప్పుడు ఉన్నాయి, ఆస్ట్రేలియాలో మామిడి కోత ఎప్పుడు మొదలుపెట్టాలో తేల్చుకోవడానికి వాడుతున్నారు. అలాంటిది మా మండీలో రైతుల ముందు ఒక్కటి పెట్టి ఉంటే, ఎనిమిది కాయలు కాదు, లోడులో ఎనభై కాయలు చూపించి మాట్లాడేవాడు మా పెదనాన్న.