ఈసీలో కనపడని మూడు వందల మీటర్లు

గోదావరి డెల్టాలో స్థలం కొనేవాళ్లు చూడాల్సినవన్నీ చూస్తారు. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయిస్తారు, లింకు డాక్యుమెంట్లు లాయరుకు ఇస్తారు, సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో, ఉందేమో వెతికిస్తారు. వాస్తు సరేసరి. పక్కనున్న పాత గుడికి పురావస్తు శాఖ రక్షణ ఉందా, ఉంటే మన స్థలం దానికి ఎన్ని మీటర్ల దూరంలో ఉంది అని మాత్రం ఎవరూ అడగరు. ఆ సంగతి ఇంటి ప్లాన్ అప్రూవల్‌కి వెళ్లినప్పుడు బయటపడుతుంది. అప్పటికి రిజిస్ట్రేషన్ అయిపోయి, అప్పుకి వడ్డీ కూడా మొదలై ఉంటుంది.

తప్పంతా కొన్నవాళ్లదే అంటే నేను ఒప్పుకోను. ఈసీలో ఉండేవి రిజిస్ట్రారు ఆఫీసులో నమోదైన లావాదేవీలు: అమ్మకం, తనఖా, దానం, భాగపంపకం. ఒక కట్టడాన్ని రక్షిత స్మారకంగా ప్రకటించేది గెజిట్‌లో. ఆ గెజిట్‌కీ ఈ ఈసీకీ చుట్టరికం లేదు.

ద్రాక్షారామ భీమేశ్వరాలయం, సామర్లకోట కుమారారామం, బిక్కవోలు పాత గుళ్లు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం ఇలాంటి కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషేధిత ప్రాంతం. కొత్త నిర్మాణం కుదరదు. ఆ తర్వాతి 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. అనుమతి తీసుకుని కట్టుకోవచ్చు. రెండూ కలిపితే 300 మీటర్లు. మన ఊళ్లలో అంటే గుడి వీధి, బజారు, వాటి వెనక సందులు, దాదాపు పాత ఊరంతా. పైగా కొలత మొదలయ్యేది గర్భగుడి గోడ నుంచి కాదు, రక్షిత ప్రాంతపు హద్దు నుంచి. ద్రాక్షారామంలో రెండు ప్రాకారాలున్నాయి. హద్దు ఎక్కడన్నది తెలియకుండా గాలిగోపురం నుంచి అడుగులు లెక్కేసుకుంటే లాభం లేదు.

ఇలాంటి గుళ్ల దగ్గర నీలం బోర్డు ఒకటి ఉంటుంది. కట్టడం పాడుచేస్తే శిక్ష, 100 మీటర్లు, 200 మీటర్లు అన్నీ రాసి ఉంటాయి. ఏయే సర్వే నంబర్లు ఆ పరిధిలోకి వస్తాయో మాత్రం నేను చూసిన బోర్డుల్లో లేదు. దేవుడి దర్శనానికి వచ్చినవాళ్లకి ఆ బోర్డు సరిపోతుందేమో గానీ, పక్క వీధిలో ఐదు సెంట్లు కొనేవాళ్లకి సరిపోదు.

పాత ఇంట్లో ఉన్నవాళ్లకి తెలియనిది ఇంకోటుంది. నిషేధిత ప్రాంతంలోనైనా 1992 జూన్ 16కి ముందున్న ఇంటికి మరమ్మతు చేసుకోవడానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. దరఖాస్తు అందుకున్న అధికారి దాన్ని 15 రోజుల్లో జాతీయ స్మారకాల ప్రాధికార సంస్థకు పంపాలని, అది రెండు నెలల్లో తన అభిప్రాయం చెప్పాలని చట్టమే గడువులు పెట్టింది. ఇది తెలియక కొందరు కారే కప్పు కిందే కాపురం చేస్తారు, కొందరు రాత్రికి రాత్రి స్లాబు వేసేస్తారు. అనుమతి లేకుండా కడితే రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష వరకు జరిమానా, లేదా రెండూ.

పరిష్కారం పెద్ద కష్టమైంది కాదు. 2020 డిసెంబరులో మన ఆంధ్రప్రదేశ్‌లో భూముల రీసర్వే మొదలైంది. డ్రోన్లు, రోవర్లతో హద్దులు కొలిచారు. రక్షిత కట్టడాల హద్దుల్ని ఆ మ్యాపు మీద పెట్టి, 300 మీటర్లలోపు పడే ప్రతి సర్వే నంబరు ఈసీ అడుగున ఒక్క వాక్యం అచ్చేస్తే చాలు. అలాగని వాటిని 22ఏలో పడేయకూడదు. చట్టం ఆపింది కొత్త నిర్మాణాన్ని, అమ్మకాన్ని కాదు. 22ఏలో వేస్తే కూతురి పెళ్లికి స్థలం అమ్ముకోవాలనుకున్న మనిషి ఆఫీసుల చుట్టూ తిరగాలి.

ఇదంతా రక్షణ ఉన్నవాటి గొడవ. రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం ఇంటిని రాష్ట్ర పురావస్తు శాఖ చూసుకుంటోంది. అంతే వయసున్న మిగతా ఇళ్లకి ఏ ప్రకటనా లేదు. 1825 దాకా డచ్చివారి చేతిలో ఉన్న కాకినాడ జగన్నాథపురంలోనూ, కోనసీమ మండువా లోగిళ్లలోనూ ఇదే పరిస్థితి. ఇన్‌టాక్ జాబితాలో పేరుంటే రక్షణ ఉన్నట్టే అనుకుంటారు చాలామంది. అది స్వచ్ఛంద సంస్థ జాబితా, గౌరవమే తప్ప చట్టబలం లేదు. 2017 నాటి రాష్ట్ర భవన నిర్మాణ నిబంధనల్లో వారసత్వ కట్టడాల ప్రస్తావన ఉంది. కానీ అది నోటిఫై చేసినవాటికే. నోటిఫై చేయకపోతే ఆ నిబంధన ఉన్నా లేనట్టే. హైదరాబాద్‌లో 1995లో వచ్చిన వారసత్వ నిబంధనను 2015లో తీసేశారు, 2017లో తెలంగాణ మళ్లీ చట్టం తెచ్చుకుంది. అక్కడ కనీసం పేర్లు రాసుకున్న జాబితా ఒకటుండేది, దాని మీద కొట్లాడటానికి వీలుండేది.

మండువా ఇంటి యజమానిని అడిగితే జాబితా అనగానే భయపడతాడు. రేపు అమ్ముకోనివ్వరని, అపార్టుమెంటుకి ఇవ్వనివ్వరని టెన్షన్. ఆ భయం అబద్ధం కాదు. అయితే నోటిఫై అయిన వారసత్వ భవనాన్ని కాపాడుకునేవాళ్లకి టీడీఆర్ బాండ్లు (వేరేచోట అదనంగా కట్టుకునే లేదా ఇంకొకరికి అమ్ముకునే నిర్మాణ హక్కు పత్రాలు) ఇచ్చే వీలు కూడా నిబంధనల్లో ఉంది. రోడ్డు వెడల్పులో స్థలం పోతే టీడీఆర్ వస్తుందని మన టౌన్లలో అందరికీ తెలుసు. పాత ఇల్లు నిలబెట్టుకున్నా రావచ్చని ఏ టౌన్ ప్లానింగ్ ఆఫీసు గోడ మీదా రాసినట్టు నేను చూడలేదు.