రాడ్డు తప్పేం లేదు

2020 నవంబరు 19, గురువారం రాత్రి అమెరికా టీవీల్లో డీన్ వించెస్టర్ అనేవాడు చనిపోయాడు. చంపింది ఒక ఇనుప రాడ్డు. అతను కథానాయకుడుగా ఉన్న 'సూపర్‌నాచురల్' సీరియల్ అభిమానులు ఆ రాత్రికి రాత్రే కోర్టు పెట్టి, నిందితుడి వాదన వినకుండా తీర్పు చెప్పేశారు. క్లైమాక్స్ రాడ్డని కొందరు, రాడ్డే క్లైమాక్సని కొందరు. రచయిత ఆండ్రూ డాబ్‌ని తిట్టినవాళ్లు, సీడబ్ల్యూ ఛానెల్‌కి శాపనార్థాలు పెట్టినవాళ్లు కూడా ముందు రాడ్డుకి నాలుగు వడ్డించాకే అటు వెళ్లారు. ఇన్నేళ్లయినా దాని తరఫున వకాల్తా పుచ్చుకున్న మనిషి లేడు. కాబట్టి ఈ వ్యాసం.

ముందు కేసు పూర్వాపరాలు. డీన్, శామ్ అన్నదమ్ములు. దయ్యాల్నీ పిశాచాల్నీ వేటాడటం వృత్తి. పదిహేను సీజన్లు, 327 ఎపిసోడ్ల పాటు చేసిన పని అదే. చివరి ఎపిసోడ్ నాటికి దేవుడితో గొడవ కూడా తేలిపోయింది. మిగిలింది ఒక మామూలు కేసు: పిల్లల్ని ఎత్తుకుపోయిన రక్తపిశాచుల ముఠా, ఓ పాత కొట్టం. ఈ సీరియల్లో రక్తపిశాచికి తల తెగితే తప్ప చావు లేదు, అందుకని ఇద్దరి చేతుల్లో పెద్ద కత్తులు. ఆ పెనుగులాటలో ఒకడు డీన్‌ని వెనక్కి నెట్టాడు. కొట్టం స్తంభంలోంచి పొడుచుకొచ్చిన రాడ్డు వీపులో దిగింది. రాడ్డు తనంతట తాను కదల్లేదు. రికార్డులో ఈ సంగతి నమోదు కావాలి.

అభిమానుల మొదటి ఆరోపణ: శామ్ వెంటనే ఆ రాడ్డు లాగేసి అన్నను ఎందుకు కాపాడుకోలేదు? ప్రథమ చికిత్స తెలిసినవాళ్లెవరూ ఈ మాట అనరు. ఒంట్లో గుచ్చుకున్న వస్తువును లాగకూడదు. తెగిన రక్తనాళానికి ప్రస్తుతం అదే బిరడా. రెండు పక్కలా గుడ్డలు దొంతరగా పెట్టి, కదలకుండా కట్టాలి. మనిషి దేనికైనా గుచ్చుకుని వేలాడుతుంటే ఫైర్ సిబ్బంది వచ్చి రాడ్డును స్తంభం దగ్గర కోసి, ఒంట్లో ముక్క ఒంట్లోనే ఉండగా ఆస్పత్రికి చేర్చాలి. తీసేది ఆపరేషన్ థియేటర్లో సర్జన్. డీన్‌కి ఇదంతా తెలుసు. తనని నిలబెడుతున్నది అదేనని తనే చెబుతాడు. అంటే తమ్ముడితో చెప్పాల్సిన మాటలన్నీ చెప్పుకునేదాకా అతన్ని బతికించింది కూడా ఆ రాడ్డే. పదిహేనేళ్లలో ఏ దేవదూతా ఇంత ఓపిక పట్టలేదు.

అంబులెన్సుకి ఫోన్ చేయలేదేం అన్న ప్రశ్నలో మాత్రం న్యాయం ఉంది. ఆ విషయం శామ్‌నే అడగాలి.

రెండో ఆరోపణ హోదాకి సంబంధించినది. హిట్లర్‌ని కాల్చి చంపినవాడు, సాక్షాత్తు మృత్యువునే దాని కొడవలితో నరికినవాడు, స్లాబులో ఉండాల్సిన సామానుకి పోవడమేమిటని. ఇనుమంటే ఇంత చులకన దేనికో! ఈ కథలో దయ్యాన్ని తరమాలంటే ఉన్నవి రెండే సరుకులు, ఉప్పూ ఇనుమూ. ఉప్పుతో గిరి గీస్తే లోపలికి రాదు, ఇనుప కడ్డీ విసిరితే పొగలా చెదిరిపోతుంది. అస్థికలు తవ్వి ఉప్పు చల్లి తగలబెట్టేదాకా ప్రాణాలు కాపాడేది ఆ కడ్డీయే. అదీగాక ఇదే డీన్ మూడో సీజన్ పదకొండో ఎపిసోడ్లో, ఒకే మంగళవారం మళ్లీ మళ్లీ తెల్లారుతుంటే, సాసేజ్ గొంతుకి అడ్డంపడి చచ్చాడు, స్నానాల గదిలో జారిపడి చచ్చాడు, పాడైపోయిన టాకో తిని చచ్చాడు. అప్పుడు పొట్ట చెక్కలయ్యేలా నవ్విన ప్రజలే ఇప్పుడు చావుకి గౌరవం లేదంటున్నారు. సాసేజ్‌కి లేని నేరం రాడ్డుకి ఎక్కడిది?

అసలు దోషం పాత అలవాటుది. ఏటా సీజన్ చివరి ఎపిసోడ్‌కి ముందు కాన్సస్ బృందం 1976లో పాడిన 'క్యారీ ఆన్ వేవర్డ్ సన్' మోగుతుంది, దాని మీద అప్పటిదాకా జరిగిన కథ గిర్రున తిరుగుతుంది. ఆ గిటారు వినపడిందంటే ఎవరో ఒకరికి మూడిందన్నమాట. మూడో సీజన్ చివర డీన్ నరకానికి పోయాడు, అయిదో సీజన్ చివర శామ్ సైతానుతో సహా పాతాళపు బోనులో దూకాడు. సృష్టికర్త ఎరిక్ క్రిప్కీ కథ ముగిద్దామనుకున్నది నిజానికి అక్కడే, 2010 మే 13న. కానీ అదే ఎపిసోడ్ చివర శామ్ వీధి దీపం కింద వచ్చి నిలబడ్డాడు. పన్నెండో సీజన్ చివర దేవదూత క్యాస్టియల్ కత్తిపోటుకు పోయాడు, పదమూడులో తిరిగొచ్చాడు. మేలో పోయినవాడు దసరా నాటికి లేచి కూర్చోవడం ఆచారమైపోయింది. అభిమానికి కన్నీళ్లు పెట్టుకోవడమూ వచ్చు, వాటిని ఎప్పుడు తుడుచుకోవాలో కూడా వచ్చు. 2020లో ఆ దసరా రాలేదు. ఇన్నేళ్లుగా సాగిన దుఃఖమంతా అడ్వాన్సు మీదే నడిచిందని తెలిసేసరికి కోపం వచ్చింది. ఆ కోపానికి దగ్గర్లో దొరికింది పాపం రాడ్డు.

సహ నిందితులూ ఉన్నారు. శామ్ ముసలితనానికి పెట్టిన తెల్లవిగ్గును సమర్థించడం ఏ వకీలు వల్లా కాదు, ఆ కేసు వదిలేస్తున్నాను. శామ్ భార్యది ఇంకా విచిత్రం. కొడుకును ఆడిస్తుంటే వెనకాల గుమ్మంలో మసగ్గా ఒక ఆడమనిషి కనిపిస్తుంది, ఆవిడే అయ్యుండాలి. పేరు లేదు, ముఖం లేదు. పదిహేనేళ్లు దయ్యాల్ని కూడా స్పష్టంగా చూపించిన కెమెరాకి ఇల్లాలు ఫోకస్‌లోకి రాలేదు.

దీనికి కరోనా కొంత సమాధానం. మార్చిలో షూటింగ్ ఆగిపోయి ఆగస్టులో మళ్లీ మొదలైంది. షూటింగ్ కోసం కెనడాలోని వాంకూవర్‌కి వచ్చిన నటులు పద్నాలుగు రోజులు గదుల్లో కూర్చున్నాకే సెట్‌కి వెళ్లారు. స్వర్గంలో పాత పాత్రలన్నింటినీ ఒకచోట చేర్చాలన్న ఆలోచన అలా పోయింది. చివరికి స్వర్గంలో డీన్‌కి దక్కినవి తండ్రిలాంటి పాత వేటగాడు బాబీ, ఒక బీరు, తన 1967 ఇంపాలా కారు. రద్దీ లేని స్వర్గం. ఫిర్యాదు చేసేవాళ్లు కిందే మిగిలిపోయారు.

ఇక క్యాస్టియల్. ముగింపుకి రెండు వారాల ముందు, నవంబరు 5న, అతను డీన్‌తో నిన్ను ప్రేమిస్తున్నానని చెప్పి శూన్యలోకంలో కలిసిపోయాడు. అదే రాత్రి అమెరికా అధ్యక్ష ఎన్నికల ఓట్లు ఇంకా లెక్కపెడుతున్నారు. నెవాడా ఓట్లకన్నా డీన్ జవాబు కోసమే ఉగ్గబట్టుకున్నవాళ్లు తక్కువేం లేరు. డీన్ జవాబివ్వలేదు. తర్వాత లాటిన్ అమెరికా స్పానిష్ డబ్బింగ్‌లో డీన్ 'నేనూ నిన్ను, క్యాస్' అన్నట్టు బయటపడేసరికి, ఒక్క ముక్క స్పానిష్ రానివాళ్లు కూడా వ్యాకరణ పండితులైపోయారు. చివరి ఎపిసోడ్లో క్యాస్టియల్ కనిపించడు. స్వర్గాన్ని బాగుచేయడంలో అతనూ చేయి వేశాడని బాబీ ఒక మాట అంటాడు, డీన్ చిన్నగా నవ్వుతాడు. అభిమానులు లక్షకు పైగా కథలు రాసుకున్న జంటకి మిగిలింది ఆ నవ్వొక్కటే.

అందుకే ముగింపుకి అభిమానుల సొంత మరమ్మతులు, సొంత కథలు. అన్నింటికన్నా చవకైనది చివరి సీజన్ పందొమ్మిదో ఎపిసోడ్ దగ్గర టీవీ కట్టేయడం. అక్కడ అన్నదమ్ములు కారెక్కి వెళ్తుంటే పాత దృశ్యాలన్నీ వరసగా వస్తాయి, అది ముగింపులాగే ఉంటుంది. రెండో పద్ధతి డీన్‌ని వెనక్కి తేవడం. ఇక్కడే చాలామంది తడబడతారు. కొత్త దేవుడైన జాక్‌ని పిలిస్తే లాభం లేదు, నేను కలగజేసుకోనని ముందే చెప్పి వెళ్లాడు. నాలుగు రోడ్ల కూడలిలో పెట్టె పాతి దయ్యంతో బేరమాడితే ఆత్మ తాకట్టు పెట్టాలి, మామూలు గడువు పదేళ్లు. కానీ అప్పటికి నరకానికి రాణి రొవీనా, అన్నదమ్ములకు కావలసిన మనిషి. ఆవిణ్ణి మర్చిపోయి పాత రేటుకే బేరం కుదిర్చేవాళ్లని చూస్తే జాలేస్తుంది. ఇంకో పెద్ద పొరపాటు, నన్ను మళ్లీ బతికించొద్దని డీన్ తమ్ముడికి చెప్పిన మాటను తుడిచేయకుండా కథ మొదలుపెట్టడం. ఆ వాక్యం అలాగే ఉంటే శామ్ మాట తప్పినవాడవుతాడు, పాఠకులు అన్నను వదిలి తమ్ముడి మీద పడతారు.

2022 అక్టోబరులో 'ది వించెస్టర్స్' అని వీళ్ల అమ్మానాన్నల కథ మొదలైంది. పదమూడు ఎపిసోడ్లకే ఆగిపోయింది. దాని చివర డీన్ స్వయంగా ప్రత్యక్షమై అసలు సంగతి చెప్పాడు: స్వర్గంలో తమ్ముడి కోసం ఎదురుచూసే ఆ కాస్త వ్యవధిలో కారేసుకుని వేరే లోకాలకు వెళ్లి, తన కుటుంబం సుఖంగా ఉన్న కథ ఎక్కడైనా ఉందేమోనని వెతుకుతున్నాడట.