స్కీయింగ్ కంటే ముందు అడవికి వెళ్లండి

విదేశాలకు వెళ్లిన కుటుంబాలు పిల్లల్ని వెంటనే స్కీయింగ్, స్కేటింగ్ క్లాసుల్లో చేర్చాలని ఒక వ్యాసంలో రాశారు. ఫిన్లాండ్ వరకైతే నేను ఒప్పుకోను. మేం టాంపెరెలో ఉంటున్నాం. ఇక్కడ మొదటి ఏడాది పైసా ఖర్చు లేకుండా ఇంటిల్లిపాదీ చేయగలిగింది అడవి పళ్లు ఏరుకోవడం. అడవి ఎవరిదైనా సరే, ఇళ్ల పెరళ్ల జోలికి పోకుండా కోసుకునే హక్కు అందరికీ ఉంది, మనలాంటి బయటివాళ్లక్కూడా. జులై చివర్లో నల్లటి ముస్తిక్క పళ్లు మొదలవుతాయి. సెప్టెంబరులో ఎర్రటి పువోలుక్క. అబ్బ, దాని పులుపు! మా అత్తగారు వచ్చినప్పుడు ఎండుమిర్చి, మెంతిపిండి, ఇంగువ వేసి పచ్చడి నూరేశారు (మిక్సీలోనే లెండి). ఇంట్లో గోంగూర ఊసెత్తినవాళ్లు లేరు. ఆ పండులో సహజంగానే బెంజోయిక్ ఆమ్లం ఉంటుంది, తొందరగా పాడవదు.

పిల్లలకు ఒకటి మాత్రం గట్టిగా చెప్పాలి. కియెలో అనే తెల్లపూల మొక్కకూ ఎర్రటి పళ్లే కాస్తాయి, అవి విషం. తెలిసినవాళ్లు వెంట లేకుండా పుట్టగొడుగులు అసలే కోయొద్దు.

స్కీలు కొనే ముందు మీ ఊరి లైబ్రరీలో అడగండి. చాలాచోట్ల ఆటసామాను కూడా పుస్తకాల్లాగే ఇస్తారు.

ఇక సౌనా (వేడి గదిలో కూర్చుని చేసే ఆవిరిస్నానం) అంటారా, 1906లో మొదలైన రాయపోర్తి మా ఊళ్లోనే ఉంది. దేశంలో ఇప్పటికీ నడుస్తున్న పబ్లిక్ సౌనాల్లో అదే పాతది. వేడికి కూర్చుంటాను గానీ, గడ్డకట్టిన చెరువులో కన్నం చేసి మునగడం నా వల్ల కాదు. ఆ సరదా మావారికీ మా పెద్దాడికీ వదిలేశాను.