కుంచానికి ఎన్ని తవ్వలు?

మా పెద్దమ్మ ఉండే వృద్ధాశ్రమం హైదరాబాద్ శివార్లలో ఉంది. అక్కడ మధ్యాహ్నం భోజనాలయ్యాక టీ వచ్చేదాకా ఏమీ జరగదు. హాల్లో గోడవారగా ప్లాస్టిక్ కుర్చీలు, అందరి మొహాలూ టీవీ వైపే. సీరియల్ నడుస్తూనే ఉంటుంది గానీ చూసేవాళ్లు ఇద్దరో ముగ్గురో.

కిందటి సంక్రాంతికి వెళ్లేసరికి మాత్రం హాల్లో పెద్ద గొడవ. ఎవరి మనవడో అటక మీద దొరికిన, గింజలు కొలిచే ఇత్తడి సోల ఒకటి తెచ్చి ఇచ్చాడట. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, కుంచానికి ఎనిమిది తవ్వలు అని మా పెద్దమ్మ కోనసీమ లెక్క చెబుతోంది. "మా దిక్కు గట్ల కాదు, మేం సేర్లతోటి కొలుస్తుంటిమి" అని జగిత్యాల వైపావిడ ఒప్పుకోవడం లేదు. పొద్దున ఏం టిఫిన్ తిన్నాడో చెప్పలేని ఒక పెద్దాయన మధ్యలో అందుకుని, "కల్లంలో ధాన్యం కొలిచేటప్పుడు ఒకటి అనకూడదు, లాభం అనాలి. లాభం, రెండు, మూడు..." అన్నాడు. అవునవునంటూ నలుగురు గొంతు కలిపారు. టీ వచ్చినా ఎవరూ లేవలేదు.

పెద్దవాళ్లు పాత సంగతులు తవ్వుకుంటే మనం చాదస్తం అంటాం. ఒకప్పుడు డాక్టర్లకూ దాదాపు అదే అభిప్రాయం ఉండేది. అమెరికన్ సైకియాట్రిస్టు రాబర్ట్ బట్లర్ 1963లో దాన్ని తిరగేశారు. జీవితాన్ని వెనక్కి తిరిగి చూసుకోవడం వృద్ధాప్యంలో సహజంగా జరిగే పని, జబ్బు లక్షణం కాదు అన్నారు. తర్వాత అదే ఒక చికిత్సా పద్ధతిగా చాలా దేశాల కేర్ హోముల్లోకి వెళ్లింది.

నాకు అంతకంటే ఆసక్తి కలిగించింది కేథరిన్ హాస్లమ్ బృందం ఇంగ్లండ్ కేర్ హోముల్లో చేసి 2010లో ప్రచురించిన అధ్యయనం. 73 మంది వృద్ధులు, ఆరు వారాలు. కొందరు గుంపుగా కూర్చుని పాత కబుర్లు చెప్పుకున్నారు. కొందరు అవే కబుర్లు ఒక్కొక్కరుగా సిబ్బందితో చెప్పుకున్నారు. మిగిలినవాళ్లు కబుర్ల జోలికి పోకుండా, గుంపుగానే బంతి దొర్లించి పిన్నుల్ని పడగొట్టే స్కిటిల్స్ ఆట ఆడారు. గుంపుగా గుర్తు చేసుకున్నవాళ్ల జ్ఞాపకశక్తి మెరుగైంది. ఒంటరిగా చెప్పుకున్నవాళ్లకు ఆ లాభం లేదు. తమాషా ఏమిటంటే, మనసు కుదుటపడి హుషారొచ్చింది ఆట ఆడినవాళ్లకి!

అంటే మందు పాత సంగతుల్లో లేదు, పదిమందిలో ఉంది. కల్లం కొలత ఆ పెద్దాయనకి గదిలో ఒక్కడే కూర్చుంటే గుర్తొచ్చేది కాదు, ఇద్దరు ఆడవాళ్లు పోట్లాడుకోబట్టి వచ్చింది. ఒకరి మాట కొస ఇంకొకరు పట్టుకుంటే మూడోవాళ్ల దగ్గర ముడి విప్పుకుంటుంది.

దీన్ని సర్వరోగ నివారిణిలా చెప్పడం కూడా తప్పే. డిమెన్షియా, అంటే మతి తప్పే జబ్బు, ఉన్నవాళ్ల మీద జరిగిన 22 అధ్యయనాలను 2018లో, వైద్య పరిశోధనల్ని జల్లెడ పట్టే కాక్రేన్ సంస్థ సమీక్ష కలిపి చూసింది. ఫలితాలు ఒకచోట ఉన్నట్టు ఇంకోచోట లేవు, ఉన్నచోటా చిన్నవే. కాకపోతే జీవన నాణ్యత విషయంలో కేర్ హోముల్లో కాస్త ఆశ కనిపించింది.

మన దగ్గర 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 19వ సెక్షన్ ఆశ్రమాల గురించి మాట్లాడుతుంది. వైద్యానికీ, వినోద సాధనాలకీ ప్రమాణాలు పెట్టవచ్చని అందులో ఉంది. నేను చూసిన చోట్ల ఆ వినోదం అంటే ఒక టీవీ, వారానికోసారి భజన, ఎవరిదైనా పుట్టినరోజైతే దాతల కేకు. కేకు తెచ్చినవాళ్లు పక్కన కూర్చుని అడిగే మొదటి ప్రశ్న "మీ పిల్లలు ఎక్కడుంటారు?". ఆ ఒక్క ప్రశ్న తప్ప ఇంకేది అడిగినా బాగుంటుంది. పుష్కరాలకి ఎలా వెళ్లారు, అణాలు పోయి నయా పైసలొచ్చినప్పుడు సంతలో బేరం ఎలా కుదిరింది, దివిసీమ ఉప్పెన రోజు ఎక్కడున్నారు?

ఉప్పెన మాట మాత్రం జాగ్రత్తగా ఎత్తాలి. 1977 నవంబరులో ఆ ఉప్పెనలో మనుషుల్ని పోగొట్టుకున్నవాళ్లు ఆ గదిలోనే ఉండొచ్చు. ఇంకో చిక్కు మనకే ప్రత్యేకం. సోల గొడవ జరిగిన ఆ సాయంత్రమే మాట కొలతల నుంచి ఊరి మంచినీళ్ల బావి మీదకి మళ్లింది. ఆ నీళ్ల తీపి గురించి అందరూ మురిసిపోతుంటే కిటికీ దగ్గరున్న ఒకావిడ మాత్రం పలకలేదు. కాసేపటికి, "మమ్మల్ని ఆ బావి గట్టు ఎక్కనిచ్చేవాళ్లు కాదు" అంది. ఎవరికీ ఏమనాలో తోచలేదు. ఆయా తెలివైంది. "మరి మీకు నీళ్లెక్కడివి అమ్మా?" అని అడిగింది. ఆవిడ చెలమ తవ్వి నీళ్లు తోడుకోవడం గురించి పావుగంట చెప్పింది. పాత రోజులు అందరికీ మంచి రోజులు కావు. కూర్చోబెట్టి మాట్లాడించేవాళ్లకి ఇది తెలియకపోతే ఆ గుంపులో కూడా కొందరు ఒంటరిగానే మిగులుతారు.

ఖర్చు అంటారా, పెద్దగా ఏమీ లేదు. కుర్చీలు గోడవారగా కాకుండా ఎదురెదురుగా వేయడం, వారానికి రెండు రోజులు ఒక గంట టీవీ కట్టేయడం, ఆ ఆయాకి ఆ గంట వేరే పని చెప్పకపోవడం. ఆఖరిదే కష్టం. బట్టలు, మందులు, డైపర్లు అన్నీ ఆవిడ మీదే.

మొన్న వెళ్లినప్పుడు సోల ఏదని అడిగాను. ఎవరైనా పోగొడతారని ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేశారట.