మూడు వారాల్లో తీస్తే అట్లనే ఉంటది
విషాదం జరగగానే సీరియల్ దాన్ని కథలోకి తేవాలన్న మాట సగమే ఒప్పు. అమెరికాలో 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత వైట్‌హౌస్ చుట్టూ తిరిగే సీరియల్ ‘ద వెస్ట్ వింగ్’ వాళ్లు అక్టోబర్ 3నే ప్రత్యేక ఎపిసోడ్ వేశారు. అసలు కథతో ముడిపెట్టకుండా, ముందు నటులే వచ్చి ఆ సంగతి చెప్పడం తెలివైన పని. కానీ లోపల? వైట్‌హౌస్‌లో ఇరుక్కుపోయిన బడిపిల్లలకు పాత్రలు ఒకరి తర్వాత ఒకరు పాఠం చెప్తుంటారు, సీను కదలదు. ఇంకో గదిలో అరబ్ మూలాలున్న ఉద్యోగి ఒకతన్ని అనుమానించి ప్రశ్నించే ఘట్టమే కాస్త పండింది. ఆగమాగం రాస్తే మాటలే మిగుల్తయి. మన డైలీ సీరియళ్లకు ఇంకో చిక్కు, ఎపిసోడ్లు ముందే తీసిపెడ్తరు. పాలమూరు ఇంట్ల పొద్దంతా వార్తల్లో శవాలు చూసినోళ్లకు రాత్రి బారాత్ సీనొస్తే ఎట్లుంటది? డబ్బింగులో ఒక డైలాగు మార్చొచ్చు, అదీ పెదవులు కనపడని షాట్ అయితేనే. లేదంటే ఆ రోజుకు ఆపుడే నయం.